మీ వంశం కథలో నిజమెంత, కల్పనెంత? తేల్చుకోవడం ఎలా

మా తిరుపతి, చిత్తూరు పక్క ఏ ఇంట్లో కదిపినా ఒక కథ రెడీగా ఉంటుంది, మా పెద్దోళ్లు కృష్ణదేవరాయల దగ్గర దళవాయిలంట, అంటే సేనాపతులంట, చంద్రగిరి కోటలో ఉండేవాళ్లంట, ఈ మాన్యం (ఇనాంగా ఇచ్చిన భూమి) రాయలే రాసిచ్చినాడంట అని. కొట్టిపారేయొద్దు, అట్లని వెంటనే వంశవృక్షంలో ఎక్కించేయొద్దు కూడా.

ముందు కథని వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అవ్వ చెప్తా ఉంటే మధ్యలో "అట్ల కాదవ్వా, అది వేరే రాజు" అని సరిదిద్దారంటే ఆమె మీ మాటే తిరిగి చెప్తుంది, అసలు కథ పోతుంది. ఆమెకి ఎవరు చెప్పారో అడగండి. తర్వాత ఆ ఇంటి నుంచి పెళ్లయి వేరే ఊళ్లకి పోయిన ఆడబిడ్డల వాళ్లని విడిగా అడగండి, రెండుపక్కలా కలిసే భాగం పాతది అయ్యుండొచ్చు. అందరూ ఒకే పెదనాయన నోట విన్నదే అయితే మాత్రం అది ఒక్క సాక్ష్యమే, పదిమంది చెప్పినా సరే.

ఇంక లెక్క. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా, తరానికి 25, 30 ఏళ్లు వేసుకుంటే అప్పటినుంచి ఇప్పటికి 17 నుంచి 20 తరాలు. మీ దగ్గర ఐదు పేర్లే ఉండి ఆరో పేరు నేరుగా రాయల కొలువులో తేలిందంటే మధ్యలో మూడొందల ఏళ్లు ఎగిరిపోయినట్టే. తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గట్టిగా గుర్తుంటాయి, ఎందుకంటే అక్కడ చెప్పేది ఆ మూడు తరాలే, ఆ పైన జ్ఞాపకం మీద ఆధారపడాల్సిందే.

సంవత్సరాల పేర్లతో ఇంకా జాగ్రత్త. "ధాత కరువులో ఈ ఊరికి వచ్చినారు" అంటే అది 1876-78 నాటి పెద్ద కరువు, బాగా పనికొచ్చే మాట. కానీ "ధాతలో పుట్టినాడు" అని మాత్రమే అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా. ఆయన పిల్లల వయసులతో పోల్చి తేల్చుకోవాలి.

కాగితాల దగ్గరికొస్తే ముందు తెలియాల్సింది ఊరు ఏ జిల్లాలో ఉండేదని. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న, అంతకుముందు చిత్తూరు, తిరుపతి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లి, వాయల్పాడు కడపలో ఉండేవి, అందుకే పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ దాకా పోవాల్సి రావొచ్చు. 2022లో తిరుపతి జిల్లా వేరైంది, ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే పాతవి దొరకవు.

దగ్గర్లో అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించి పాత దస్తావేజుల నకళ్లు అడగండి, అమ్మినోడి పేరు, వాళ్ల నాయన పేరు రెండూ ఉంటాయి, అంటే ఒక్క కాగితంతో రెండు తరాలు. మాన్యం కథ ఉంటే మాన్యాల వివరాలు రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడాలి, 1858లో వేసిన ఇనాం కమిషన్ ఎవరి మాన్యం ఏ ఆధారంతో నిలబడిందో విచారించింది, రాయలిచ్చినాడన్నది కాస్తా ఏ పాళెగాడో నవాబో ఇచ్చిందని తేలొచ్చు. స్కూలు రిజిస్టర్లో తండ్రి పేరు, ఊరు నమ్మొచ్చు గానీ పుట్టినతేదీని అంత నమ్మొద్దు, చాలాసార్లు అయ్యవారు అంచనాగా వేసిందే.

తిరుమల శాసనాలు టీటీడీ వాళ్లు సంపుటాలుగా అచ్చేసినారు, అందులో మీ ఇంటిపేరు కనిపిస్తే సంబరపడకండి. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేర్లు మన పక్క బోలెడు, ఒకే ఊరి నుంచి వచ్చిన సంబంధంలేని వాళ్లందరికీ అదే ఉంటుంది. గోత్రం కలిసినా అంతే, చుట్టరికానికి అది రుజువు కాదు.

ఒకటి మాత్రం నేను గట్టిగా నమ్ముతా, గొప్పల కథ కంటే అప్పులపాలై రాత్రికి రాత్రి ఊరొదిలిన కథే నిజమయ్యే అవకాశం ఎక్కువ, పనిగట్టుకుని అట్లాంటిది ఎవరు కల్పిస్తారు చెప్పండి.

చివరగా చార్టులో కాగితం దొరికినవి పెన్నుతో, విన్నవి పెన్సిల్‌తో రాయండి, పక్కనే చెప్పినవాళ్ల పేరు కూడా. ఈసారి పెళ్లికో పెద్దకర్మకో చుట్టాలంతా చేరినప్పుడు ఆ చార్టు పట్టుకుపోండి, తప్పులు పట్టేవాళ్లకి అక్కడ కొదవుండదు.