ఎం.ఎడ్. మొదటి సెమిస్టర్: ‘ఇందులో మీ మాటేది?’ అని గైడ్ తిప్పి పంపితే

సమస్య: సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) వెనక్కొచ్చింది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టులో, ఇతరుల రాతలతో పోలిక శాతం ఎక్కువ. మాటలు మార్చి మళ్లీ పంపినా గైడ్ ఒప్పుకోలేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో 10 శాతం దాకా శిక్ష లేదు. అది దాటి 40 లోపైతే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి.

ముందు చూడాల్సింది: రిపోర్టు తీసేటప్పుడు రిఫరెన్సులు, కొటేషన్లు మినహాయించారా? వ్యాసంలో పేరున్న ప్రతి రచయితా చివరి జాబితాలో ఉన్నారా? పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోండి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి ఎవరు ఫైలు పంపినా ఇదొక్కటే చూసుకోరు. దయచేసి ఇది చేశాకే నన్ను అడగండి.

అదంతా సరిగ్గానే ఉంటే తప్పు వ్యాసంలో కాదు, నోట్సులో ఉంది. శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌ల ఆన్‌లైన్ భాండారం) థీసిస్ తెరిచి, నచ్చిన ఇంగ్లీషు వాక్యాలు నోటుబుక్కులోకి ఎక్కిస్తారు. కొటేషన్ గుర్తుండదు, పేజీ నంబరుండదు. పక్కనే సొంత ఆలోచనా ఇంగ్లీషులోనే. నెల తిరిగేసరికి ఏది ఎవరిదో తేలదు, అంతా తమదే అనిపిస్తుంది. కాపీ కొట్టాలన్న ఉద్దేశం లేనివాళ్లు కూడా ఇందులోనే ఇరుక్కుంటారు. ఆ తర్వాత ఎన్ని మాటలు మార్చినా వాక్యం నడక మారదు. శాతం తగ్గినా, చదివే గైడ్‌కి తెలిసిపోతుంది.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు ఉన్న మనకి ఇక్కడొక సౌకర్యం ఉంది. ఎడమ పేజీలో రచయిత వాక్యం ఇంగ్లీషులోనే రాయండి: కొటేషన్ గుర్తులు, సంవత్సరం, పేజీతో సహా. పుస్తకం మూసేయండి. అర్థమైంది కుడి పేజీలో తెలుగులో రాయండి. లిపి చూస్తేనే ఎవరి మాటో తెలుస్తుంది. మూసేశాక ఏమీ రాయలేకపోతే, ఆ పేజీ ఇంకా అర్థం కాలేదన్నమాట.

ఉదాహరణకి, జాతీయ విద్యా విధానం 2020లో 4.11 పేరా తీసుకోండి. కుడి పేజీలో ఇలా ఉండొచ్చు: “కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో, లేదా స్థానిక భాషలో చెప్పాలంటున్నారు. కానీ ‘వీలైన చోట’ అని మెలిక పెట్టారు. గుణుపురం వైపు ఒకే తరగతిలో సవర, ఒడియా, తెలుగు పిల్లలుంటే ఎవరి ఇంటి భాష? తేల్చేదెవరు?” ఆ చివరి ప్రశ్న మీది. పేరా దాంతోనే ఎత్తుకోండి, విధానపత్రాన్ని ఆ తర్వాత ఉదహరించండి.

ఒక జాగ్రత్త. రచయిత వాక్యాన్నే మాటకి మాట తెలుగులోకి దించితే లాభం లేదు, ఇంగ్లీషులో రాసేటప్పుడు అదే తిరిగొస్తుంది. ఆలోచన ఆయనదైతే, మీ మాటల్లో చెప్పినా పేరు, సంవత్సరం ఇవ్వాల్సిందే.

మిగతా కారణాలు అరుదు. మీ పాత అసైన్‌మెంటే ఆ సాఫ్ట్‌వేర్ డేటాబేసులో ఉండి, దాంతో పోలిక వచ్చిందా? గైడ్‌కి చెప్పండి. ఏపీఏ (రిఫరెన్సులు రాసే పద్ధతి) ఏడో కూర్పు ప్రకారం కామాలు, ఇటాలిక్స్ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు, సమర్పించే ముందు చూసుకోవచ్చు.