నీళ్ల విరేచనాలకి కల్చర్ టెస్ట్ ఎలా చేయించుకోవాలంటే

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వానలు పడితే చాలు ఝాడాబాంతి, అంటే వాంతులు విరేచనాలు, మొదలవుద్ది, 2007లో కాశీపూర్ వైపు వచ్చిన కలరా గురించి పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తారు. కల్చర్ టెస్ట్ అంటే పట్టిన క్రిమిని ల్యాబ్‌లో పెంచి, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తదో చూసే టెస్ట్.

ముందే చెప్తున్నా, ఓఆర్ఎస్ పట్టడం టెస్ట్ కోసం ఆపొద్దు. కళ్లు లోపలికి పోయి ఒంటేలు రావట్లేదంటే ఏ లైన్లోనూ నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మామూలుగా అయితే సర్కారు ఆసుపత్రిలో ఓపీ చీటీ తీయండి, ఆధార్, ఫోన్ నంబర్ దగ్గర పెట్టుకోండి. డాక్టర్ గారు "స్టూల్ కల్చర్ అండ్ సెన్సిటివిటీ" అని రాశారా చూసుకోండి, ఉత్త "స్టూల్ రొటీన్" అయితే మైక్రోస్కోప్‌లో చూసి చెప్తారంతే, మందు సంగతి అందులో రాదు. అక్కడ కల్చర్ చెయ్యకపోతే కోరాపుట్ లేదా బరంపురం మెడికల్ కాలేజీకి పంపుతారా అని అడగండి.

ఫారంలో విరేచనాలు ఏ రోజు మొదలయ్యాయి, ఇప్పటికే ఏ మాత్రలు వేశారు అన్నది దాచకుండా రాయించండి. మా వీధిలో ఒకావిడ మనవడికి షాపులో ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేసి ఆ తర్వాత శాంపిల్ ఇచ్చింది, రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదని వచ్చింది, పిల్లాడికేమో తగ్గలేదు, నాకు ఇప్పటికీ బాధే. వీలైనంత వరకు మొదటి మాత్రకి ముందే శాంపిల్ ఇవ్వాలి.

ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలోనే పట్టండి, ఒంటేలు కలవకూడదు, మూత మీద పేరు, టైము రాయండి. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. దూరం పంపాలంటే క్యారీ-బ్లెయిర్ అనే మీడియంలో పెట్టి పంపమనండి, అందులో క్రిములు చావకుండా ఉంటాయి.

ల్యాబ్‌లో ఆ క్రిమిని విడిగా పెంచి ఒక ప్లేట్ మీద పరిచి, బొట్టుబిళ్లల్లాంటి మందు బిళ్లలు పెడతారు. మర్నాటికి పనిచేసే మందు చుట్టూ ఖాళీ గుండ్రం పడుద్ది, పనిచెయ్యని దాని చుట్టూ క్రిమి దట్టంగా అలాగే పెరుగుద్ది. ఆ గుండ్రాన్ని మిల్లీమీటర్లలో కొలిచి ఎస్, ఐ, ఆర్ అని వేస్తారు: ఎస్ అంటే పనిచేస్తది, ఆర్ అంటే చెయ్యదు, ఐ మధ్యస్తం.

రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుద్ది. అది తీసుకుని అదే డాక్టర్ గారికి చూపించండి, మందు మార్చాలో లేదో, అసలు యాంటీబయాటిక్ అక్కర్లేదేమో ఆయనే చెప్తారు. ఇంట్లో ఇంకొకరికి మొదలైతే ఆశా కార్యకర్తకి చెప్పి, ఆసుపత్రికి ఈ రిపోర్ట్ కూడా పట్టుకెళ్లండి.