మేడేనా, పాన్-పాన్‌నా?
బోటులో వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఉన్నవాళ్లకు, ఆపదలో అందులో ఇచ్చే పిలుపుల గురించి ఒక మాట. ఇంజిన్ ఆగి బోటు కొట్టుకుపోతోంది, కానీ ప్రాణాలకు ఇప్పటికిప్పుడు ముప్పు లేదు అంటే 16వ ఛానల్లో "పాన్-పాన్" అని మూడుసార్లు అనాలి. టెన్షన్‌లో నోటికి ముందు మేడేనే వస్తుంది. అది బోటు మునుగుతున్నప్పుడో, మంటలు అంటుకున్నప్పుడో వాడాల్సిన మాట. అదీ మూడుసార్లే. వెంటనే బోటు పేరు, జీపీఎస్ పొజిషన్, ఏమైంది, ఎంతమంది ఉన్నారు చెప్పండి. పొజిషన్ ఆలస్యం చేయొద్దు. బ్యాటరీ తడిస్తే ఇంకో మాటకు అవకాశం ఉండదు. దారిలో పెద్ద దుంగ తేలుతూ కనిపిస్తే మిగతా బోట్లకు "సెక్యూరిటే" అనే హెచ్చరిక పిలుపు చాలు. పాన్-పాన్ ఇచ్చాక నీళ్లు లోపలికి ఎక్కువవుతుంటే మేడేకి మారడానికి మొహమాటపడొద్దు. ఒడ్డు దగ్గర ఫోన్ సిగ్నల్ ఉంటే మన కోస్ట్ గార్డ్ నంబర్ 1554.