నల్లా కట్ చేయకుండానే ఇల్లు ఖాళీ అయింది

నాందేడ్‌లో మా పై వాటా కిరాయిదారు పదకొండు నెలల గడువు దాటినా కదల్లేదు. కోపంలో నల్లా కట్ చేద్దామనుకున్నా. "ఆ పని చేయకు బామ్మర్దీ, కేసు నీ మీదికే తిరుగుతది" అన్నాడు మా వకీలు బావ. కిరాయిదారుకు నీళ్ల లాంటి అవసరాలు ఆపొద్దనే మహారాష్ట్ర కిరాయి చట్టం, 1999లో సెక్షన్ 29 ఉందట.

అదృష్టం, మా లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్ (గడువు పెట్టి ఇల్లు వాడుకోనిచ్చే ఒప్పందం) రిజిస్టరై ఉంది. (ధర్మాబాద్‌లో మా చిన్నాయనది ఉత్త స్టాంపు కాగితం. ఆయన తిప్పలు వేరే కథ.) సెక్షన్ 24 కింద కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఇలాంటి ఖాళీ కేసులు వినే అధికారికి, దరఖాస్తు పెట్టాం. సమన్లు అందిన 30 రోజుల్లో కిరాయిదారు వాదించడానికి అనుమతి అడగకపోతే ఖాళీ చేయమని ఆర్డరే. పైగా గడువు దాటినప్పటి నుంచి రెట్టింపు కిరాయి! ఆ లెక్క చూశాక పెద్దమనిషికి టెన్షన్ పట్టుకున్నట్టుంది, మూడో వారమే టెంపో తెచ్చి సామాను ఎక్కించాడు. కరెంటు బిల్లు పట్టుకుని మిగతా డిపాజిట్ ఇచ్చేశా.