లెగ్ డే (కాళ్ల కసరత్తు రోజు) చివర్లో జంపులా? మోకాలు జాగ్రత్త

పోయిన వారం నల్లగొండలో మేం వెళ్లే జిమ్‌లో ఒక కుర్రాడు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. లిగమెంట్ తెగిందని స్కానింగ్‌లో తేలింది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 4 మీటర్ల లాంగ్ జంప్ కోసం బాక్స్ జంపులు, అంటే ఎత్తైన పెట్టె మీదికి ఎగరడం, చేస్తున్నాడు. అది రోజూ ఎక్కే బాక్సే. ఆ రోజు మాత్రం బరువు పెట్టి స్క్వాట్లన్నీ (భుజాన బార్‌తో గుంజీలు) కొట్టాక ఎక్కాడు. దూకి దిగేటప్పుడు కుడి మోకాలు లోపలికి ఒరిగింది.

వార్మప్ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే: జంపులు ముందు, బరువులు తర్వాత. కాలు నేలకు తగిలి మళ్లీ లేచే సమయం చాలా జంపుల్లో పావు సెకను కూడా ఉండదు. అలసిన తొడ అంతలోపు మోకాలిని నిలబెట్టలేదు. స్క్వాట్‌లో అలిసిపోతే బార్ లేవదు, మనకు తెలుస్తుంది. జంప్‌లో అలసట కింద పడేదాకా తెలియదు. చెమట పట్టించడానికి కొందరు ట్రైనర్లు ‘ఫినిషర్’ అంటూ చివర్లో జంపులు పెడుతున్నారు. రీల్స్ చూసి నేర్చిన విద్య అది. మీరు మాత్రం చేయకండి.

నేల: జిమ్ గ్రానైట్, డాబా, సీసీ రోడ్డు వద్దు. మా ఊరి ఎన్జీ కాలేజీ గ్రౌండైనా సరే, కంకర లేని మెత్తటి మట్టి చూసుకోండి. ఎండకు బిగిసిన నేలా సిమెంటూ ఒకటే.

లెక్క: కొత్తవాళ్లకు ఒక పూటకు 80 నుంచి 100 సార్లు పాదం నేలను తాకితే చాలు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు. తొడ కండ పెరిగినంత తొందరగా మడమ వెనక టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) గట్టిపడదు.

దిగడం: ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసుకోండి. రెండు మోకాళ్లూ పాదాల వైపే ఉండాలి. ధన్‌మని చప్పుడొస్తే బాక్స్ ఎత్తు తగ్గించండి.

ఇంకా వినండి. బాక్స్ మీది నుంచి దూకొద్దు, ఒక్కో కాలు పెట్టి దిగండి. బార్ భుజాన వేసుకుని ఎగరొద్దు. పక్కవాడితో పందెం వద్దు. ఎగిరే ఎత్తు తగ్గిందా, లెక్క మిగిలినా సెట్ అయిపోయినట్టే. 1600 మీటర్లు ఉరికొచ్చాక జంపులు వద్దు, అలసిన కాలు అలసిన కాలే. నిన్నటి స్క్వాట్లకు మెట్లు దిగలేకపోతుంటే ఇవాళ కూడా జంపుల్లేవు. మోకాలి చిప్ప కింద నొప్పి మర్నాటికీ ఉంటే ఆపేయండి. స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి దూకే తెలివి అసలే వద్దు. మోకాల్లో టప్‌మని వినబడి వాపొస్తే నాటు కట్టు, నూనె మర్దన అనకుండా అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి పోండి. స్క్వాట్ ర్యాక్ దగ్గర నుంచి నేరుగా బాక్స్ దగ్గరికి పోవద్దు, ఎంత హుషారుగా ఉన్నా సరే. ఈవెంట్స్‌కు మూడు రోజుల ముందు నుంచి జంపులు పూర్తిగా బంద్.