రూల్ మారేలోపే తెలుసుకోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారుల కోసం

తిరుపతిలో చిన్న చిన్న దుకాణాలకు లెక్కలు రాయడం నా పని. 2023 సంక్రాంతికి ముందు ఒక స్వీట్ల దుకాణానికి వెళ్తే, యజమాని నన్ను లోపలికి పిలిచి అటక మీది క్యారీ బ్యాగుల కట్టలు చూపించారు. దుకాణం పేరు, పక్కన గోపురం బొమ్మ అచ్చువేయించినవి. కట్టిన తాడు కూడా విప్పలేదు. అంతకు రెండు నెలల ముందే కొన్నారట. మందం 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒకటి లాగి వేళ్ల మధ్య నలిపి, "గట్టిగానే ఉంది కదా సార్, దీనికేమొచ్చింది?" అన్నారు.

బ్యాగుకేమీ రాలేదు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కుదరవు, అంతే. నాకు బాధ కలిగించిన సంగతి వేరు. ఆ తేదీ 2021 ఆగస్టు 12 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లోనే ఉంది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్ల వంటి వాటిపై నిషేధం, ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లు. మూడూ ఒకే కాగితంలో ఉన్నాయి. పదహారు నెలలకు పైగా టైము ఉంది. ఆయన 75 మాట విన్నారు, నిజాయితీగా పాటించారు. ఆ కిందనే ఉన్న లైను మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. అలాంటి నష్టం ఇంకొకరికి రాకూడదనే ఇది రాస్తున్నా.

1. మీకు తగిలే రూల్స్ ఏవో ఒక కాగితం మీద రాసుకోండి

అన్ని చట్టాలూ అందరికీ అక్కర్లేదు. ఏం అమ్ముతారు, జీఎస్టీ మామూలుదా కాంపోజిషనా (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం కట్టే పద్ధతి), ఫుడ్ లైసెన్సు ఉందా, ట్రేడ్ లైసెన్సు ఎప్పటివరకు, ఎంతమంది పనివాళ్లు, ఉద్యం (సూక్ష్మ, చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేయించారా? ఇంతే. నగల షాపువారికి హాల్‌మార్క్ ముఖ్యం, టిఫిన్ సెంటర్ వారికి కాదు. ఈ కాగితంలో లేని వార్త ఎంత పెద్దదైనా మీకు టెన్షన్ అక్కర్లేదు.

2. వాట్సాప్‌లో వచ్చినదాన్ని అసలు చోట సరిచూడండి

కేంద్రం నిర్ణయాలకు పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ప్రకటనలు చూడొచ్చు, తెలుగులోనూ వస్తాయి. అసలు నోటిఫికేషన్ ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. రాష్ట్ర జీవోలకు జీవోఐఆర్ వెబ్‌సైట్ ఉంది. వారానికి ఒకరోజు, కౌంటర్ దగ్గర రద్దీ లేని పూట, అరగంట చాలు.

3. మూడు ప్రశ్నలు వేయండి: ఎప్పటి నుంచి? ఏ షరతుతో? ఎవరికి?

అసలు పని ఇక్కడే ఉంది. 2025లో మన లాడ్జీల సంగతి చూడండి. జీఎస్టీ కౌన్సిల్ సెప్టెంబరు 3న నిర్ణయం తీసుకుంది. నోటిఫికేషన్లు 17న వచ్చాయి. అమలు 22 నుంచి. శ్రీవారి బ్రహ్మోత్సవాలు 24న మొదలు. రూములన్నీ ముందే బుక్కయ్యే రోజులు, బిల్లింగ్ మార్చడానికి ఊపిరాడని రోజులు.

రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి పన్ను 12 శాతం నుంచి 5కు దిగింది. 2,000 రూపాయల గదికి 240 బదులు 100. యాత్రికుడికి మంచిదే. కానీ ఆ 5 శాతానికి ఒక షరతు ఉంది: ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అంతకుముందు దుప్పట్ల లాండ్రీ బిల్లు మీద, ఏసీ రిపేరు మీద కట్టిన పన్నును గది పన్నులో తగ్గించుకునేవారు. ఇప్పుడది యజమాని జేబులోంచే పోతుంది. రేటు తగ్గిందని హెడ్డింగ్ చదివి వదిలేసినవారికి ఈ ఖర్చు నెలాఖరులో గానీ కనబడలేదు. గది అద్దె నిర్ణయించేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

మరి ముందే తీసుకున్న అడ్వాన్సుల సంగతి? రేటు మారినప్పుడు మూడు విషయాలు చూస్తారు: బస, బిల్లు, డబ్బు. వీటిలో రెండు మార్పుకు ముందే జరిగితే పాత రేటు, రెండు తర్వాత జరిగితే కొత్త రేటు. ఆగస్టులో డబ్బు తీసుకుని అప్పుడే బిల్లు కూడా ఇచ్చేసి ఉంటే, యాత్రికుడు 24న దిగినా 12 శాతమే. డబ్బు మాత్రం ముందు తీసుకుని, బిల్లు దిగిన రోజు ఇస్తే 5 శాతం. ఇది ముందే తెలిస్తే కౌంటర్ దగ్గర యాత్రికుడితో వాదన ఉండదు.

ఇక "ఎవరికి" అన్నది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. 2023-24 నుంచి దీనికి ఆదాయపు పన్ను కూడా తోడైంది. గడువు దాటితే, డబ్బు కట్టేదాకా కొన్నవారు దాన్ని ఖర్చుగా చూపించుకోలేరు. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి అట్టపెట్టెలు తయారుచేసి ఇచ్చేవారికి ఇది చేతిలో ఆయుధం. అవే పెట్టెలు కొని అమ్మే వ్యాపారికి మాత్రం వర్తించదు. తయారీ, సేవల వారికే. ఉద్యం నమోదు ఉచితం. దానికి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

4. జిల్లా ఉత్తర్వులను చిన్నచూపు చూడకండి

వీటికి నెలల గడువు ఉండదు. 2025 జూన్ 7న చిత్తూరు కలెక్టర్ ఇతర రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చారు. కర్ణాటక కాయ చెక్‌పోస్టుల దగ్గరే ఆగింది. అక్కడి ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వెళ్లింది. మన రైతుకు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని చెప్పింది కూడా ఆ సీజన్‌లోనే. ఇక్కడి రైతు కోణంలో ఆ ఉత్తర్వుకు కారణం ఉంది, నేను కాదనను. కానీ సరిహద్దు అవతలి తోటలకు అడ్వాన్సు ఇచ్చిన చిన్న వ్యాపారి పరిస్థితి? అందుకే మామిడి లాంటి సీజను సరుకుకు ఒప్పందం రాసేటప్పుడు, ప్రభుత్వ ఉత్తర్వుతో సరుకు ఆగితే అడ్వాన్సు ఎవరు, ఎంత భరించాలో ఒక్క వాక్యం చేర్చండి. నోటిమాటగా వదిలేయకండి.

5. స్టాక్ కొనే ముందు తేదీ చూడండి

అచ్చువేయించే ప్రతిదానికీ, అంటే కవర్లు, లేబుళ్లు, ఎమ్మార్పీ స్టిక్కర్లకు, మూడు నెలలకు మించి ఆర్డర్ ఇవ్వొద్దని నా సలహా. ఎక్కువ కొంటే కాస్త చవకగా వస్తుందని ఆశపడతాం. అటక మీది ఆ కట్టలు చూశాక నాకు ఆ ఆశ పోయింది.

6. ముసాయిదా దశలోనే మాట్లాడండి

కేంద్రం కొత్త చట్టాల ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్నది 2014 నుంచి ఉన్న విధానం. ప్లాస్టిక్ రూల్స్‌కు కూడా 2021 మార్చిలోనే ముసాయిదా వచ్చింది. అప్పుడు రాస్తే వినే అవకాశం ఉంటుంది. జిల్లా స్థాయి సమస్య అయితే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి మీ మండలం ఏ కలెక్టరేట్ కిందకు వస్తుందో చూసుకుని వెళ్లండి. ఒక్కరే కాకుండా అదే వీధిలో అదే వ్యాపారం చేసే నలుగురైదుగురు కలిసి వెళ్లండి. "చాలా నష్టపోతున్నాం" అని రాస్తే సరిపోదు. ఎన్ని కిలోల స్టాకు, ఎంతకు కొన్న బిల్లు, అమ్ముకోవడానికి ఎన్ని రోజులు కావాలి, ఈ మూడూ రాయండి. బిల్లుల జిరాక్సులు జతచేయండి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రాకండి.