విదేశీ సెమిస్టర్‌కు సంతకం పెట్టే ముందు

అమెరికాలో చదివే మన పిల్లలు చాలామంది ఒక సెమిస్టర్ ఇటలీకో జపాన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్తుంటారు. సొంత యూనివర్సిటీ ప్రోగ్రామే కదా, క్యాంపస్‌లో ఉన్న హక్కులన్నీ అక్కడా ఉంటాయని ధీమాగా ఉంటారు. ఆ ధీమా అంత మంచిది కాదు.

లింగవివక్షను, లైంగిక వేధింపులను అడ్డుకునే చట్టం 1972 నాటి టైటిల్ నైన్. దక్షిణాఫ్రికా ప్రోగ్రామ్‌లో తమను వేధించారని ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ అమ్మాయిలు కేసు వేస్తే, విదేశంలోనూ ఈ చట్టం వర్తిస్తుందని 2002లో ఫెడరల్ కోర్టు చెప్పింది. తర్వాత ఇంకో కేసులో మరో కోర్టు వర్తించదంది. ఈ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు అమెరికాలో ఉన్న మనిషికి జరిగిన వేధింపులనే లెక్కలోకి తీసుకుంటాయి. 2024లో వచ్చిన కొత్త నిబంధనలను 2025 జనవరిలో కోర్టు కొట్టేయడంతో మళ్ళీ 2020 నాటివే అమల్లోకి వచ్చాయి. అందుకే ముందే అడగండి: అక్కడ ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి? మీ స్టూడెంట్ కోడ్ (విద్యార్థుల ప్రవర్తనా నియమాలు) కింద విచారిస్తారా? వేధించిన మనిషి పక్క గదిలోనే ఉంటే ఆ రాత్రికి నన్ను ఎక్కడ ఉంచుతారు?

వైకల్యం ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా అడగాలి. లూయిస్ అండ్ క్లార్క్ కాలేజీ నుంచి ఆస్ట్రేలియా వెళ్ళిన ఒక విద్యార్థినిది చక్రాల కుర్చీ. ఇబ్బంది ఉండదని కాలేజీ చెప్పింది గానీ, వెళ్ళాక చాలా చోట్ల కుర్చీ కదిలే వీలే లేదు. ఆమె కేసు వేస్తే, ప్రోగ్రామ్‌ను మొత్తంగా చూస్తే వివక్ష లేదని 2002లో అప్పీల్ కోర్టు తేల్చింది. ఆమెకు దక్కిందల్లా నమ్మకం వమ్ము చేసినందుకు 5,000 డాలర్లు. నోటి మాట నమ్మొద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే. సీటు వచ్చాక, డిపాజిట్ కట్టకముందే ఇలా ఈమెయిల్ పెట్టండి: "నేను ఉండే గది, బాత్‌రూమ్, తరగతి గది, ఫీల్డ్ ట్రిప్ బస్సు, వీటిలో దేనికి మెట్లున్నాయి? ఏర్పాట్లు ఎవరు చేస్తారు, ఖర్చు ఎవరిది?" జవాబు కూడా ఈమెయిల్‌లోనే రావాలి.

డిప్రెషన్‌కు మందులు వాడుతున్న సంగతి దాచేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎక్కువ. దయచేసి దాచకండి. చెప్పకపోతే కాలేజీ ఏ ఏర్పాటూ చేయలేదు, తర్వాత అడిగే హక్కూ బలహీనపడుతుంది. మందుల విషయంలో ఆ దేశం రూల్స్ కూడా చూసుకోండి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) వాడే ఆడెరాల్ మందును డాక్టర్ చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్ళకూడదు. స్వలింగ సంబంధాలు కొన్ని దేశాల్లో నేరం, అక్కడ అమెరికా చట్టం మిమ్మల్ని కాపాడదు.

ప్రోగ్రామ్ నడిపేది మీ యూనివర్సిటీయా, బయటి సంస్థా, అక్కడి కాలేజీయా అన్నది కాగితం మీద చూడండి. బాధ్యత ఎవరిదో దాన్నిబట్టే తేలుతుంది. "ఏం జరిగినా మాది బాధ్యత కాదు" అనే ఫారం ఇస్తే చదవకుండా సంతకం పెట్టొద్దు. క్యాంపస్‌లో విద్యార్థులకు ఉచిత న్యాయసహాయం ఉంటే అక్కడ చూపించండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వెళ్ళేవాళ్ళు ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద, తిరిగి అమెరికా రావడానికి కావాల్సిన ట్రావెల్ సంతకం చేయించుకోవాలి, వెళ్ళే దేశపు వీసా విడిగా తెచ్చుకోవాలి. ఆపద వస్తే వెళ్ళాల్సింది అక్కడి భారత రాయబార కార్యాలయానికి. ఆ నంబరు, కాలేజీ ఇచ్చిన జవాబుల కాపీలు అమ్మానాన్నల దగ్గర కూడా ఉంచండి.